దంపతుల సింహళ యాత్ర

కుత్బుల్లాపూరు నుండి ఒక సోదరి యీ శీర్షికకు ఉత్తరము వ్రాసినారు. ఆమె భర్త జీడిమెట్ల పారిశ్రామిక వాడలో ముప్పది యేండ్లకు పైగా పనిచేసి యీ మధ్యనే విశ్రాంతి పొందినారట. పిల్లలు ఎవరి సంసారములలో వారు కుదురుకొనిరి. ఇన్నాళ్లకు దంపతులకు ఎనిమిది దినములు శ్రీలంకకు పోయి రావలెనని కోరిక పుట్టినది. కుమారుడు మాత్రము, "ఏదైన యాత్రా కంపెనీ వారి వెంట పొండు, లేకున్న మానుకొనుడు" అని పట్టుబట్టుచున్నాడట. "మాకు ఆ దేశపు భాష రాదు. నా ఇంగ్లీషు అంతంత మాత్రము. వారికి రక్తపుపోటు కలదు. మేమిరువురమే పోవచ్చునా, పోరాదా?" అని ఆ సోదరి ప్రశ్న.

పోవచ్చును. సందేహము లేదు. అయితే కుమారుని భయమును గూడ తేలికగ త్రోసివేయరాదు. కంపెనీ వారి వెంట పోయిన, బస, భోజనము, బండి అన్నియు వారే చూతురు. జబ్బు చేసిన పలుకరించు దిక్కుండును. దానికి బదులు తెల్లవారక మున్నే లేచి వారి బస్సెక్కవలెను, వారు చూపిన పదిచోట్లు చూడవలెను, వారు ఆపిన రత్నాల అంగడిలోనో సుగంధద్రవ్యముల తోటలోనో గంటసేపు కూర్చుండవలెను. అరువది యేండ్ల దంపతులకు ఆ పరుగు విశ్రాంతి కాజాలదు. తమంత తాము పోయినచో, మోకాలు నొచ్చిన దినమున బసలోనే యుండి, చెరువుగట్టున కూర్చుండి, మరునాడు కదలవచ్చును. ఈ స్వేచ్ఛ కొరకే స్వయముగా పోవుట; ఖర్చు తగ్గునను ఆశ రెండవది.

ఈ స్వేచ్ఛకు ఒక్క నియమము కలదు. ప్రయాణమునకు సంబంధించిన ఏ విషయమైనను ఇరువురిలో ఒక్కరికే తెలిసియుండరాదు. మన యిండ్లలో ప్రయాణమనగా కాగితములు పురుషుని జేబులో, సంచులు స్త్రీ చేతిలో. ఎక్కడ దిగవలెనో, బసకు ఎంత కట్టినారో, డబ్బు ఏ ఖాతాలో నున్నదో భర్తకు తెలియును. మందులు ఏ సంచిలో నున్నవో భార్యకు తెలియును. స్వదేశములో ఇట్లు జరిగిపోవును. పరదేశములో ఒకరికి జ్వరము వచ్చి పడుకొన్ననాడు రెండవవారు నడిసముద్రములో నున్నట్లే. కావున ఈ సోదరికి నా సూచనలన్నియు ఆ నియమమును అనుసరించియే యుండును.

మొదట నాగార్జునకొండ

విదేశమునకు పోవుటకు నెలరోజుల ముందు రెండు దినములు నాగార్జునసాగరమునకు పోయి రండు. దీనిని అభ్యాసముగ నెంచుడు. బస్సు వేళలు విచారించుట, బస కుదుర్చుకొనుట, లాంచి టిక్కెట్టు కొనుట, లెక్క వ్రాయుట అన్నియు గృహిణియే చేయవలెను. భర్తగారు సంచులు మోసికొని వెంట నడువవలెను. ఈ రెండు దినములలో ఇరువురికిని ఎక్కడ ఓపిక తగ్గునో, ఎక్కడ మాట పెరుగునో తెలిసిపోవును. ఎంతదూరము నడువగలరో, ఎన్ని మెట్లెక్కగలరో గూడ తెలియును.

ఆ చోటు చెప్పుటకు మరియొక కారణము కలదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి అక్కడనే యుండెడిది. అచ్చటి శాసనములలో ఒకటి బోధిసిరి యను ఉపాసిక వేయించినది. తామ్రపర్ణి, అనగా సింహళ దేశపు థేరవాద భిక్షువుల కొరకు ఆమె అచ్చట చైత్యగృహము కట్టించినది. సింహళ విహారమున బోధివృక్షమునకు ఆలయము గూడ కట్టించినట్లు అందే చెప్పుకొన్నది. సాగరము నిండుటచే ఆ లోయ మునిగిపోయినది. 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపి, వెలికి తీసిన శిల్పములను, కొన్ని కట్టడములను కొండమీదికి చేర్చిరి. ఆ కొండయే నేడు ద్వీపము. పదిహేడు వందల యేండ్లకు పూర్వము మన నేలమీద ఒక స్త్రీ సింహళీయులకు ఆతిథ్యమిచ్చినదని తెలిసికొని బయలుదేరిన, అనురాధపురమున బోధివృక్షము చెంత నిలిచినప్పుడు అది పరాయిచోటుగ తోచదు.

పేరు, పాస్‌పోర్టు

సాధారణమైన 36 పుటల పాస్‌పోర్టునకు రుసుము 1500 రూపాయలు. పెద్దవారికి 10 యేండ్లు చెల్లును. ఎవరిది వారికి వేరుగ నుండవలెను. శ్రీలంకలో దిగు దినమునకు ఇంకను ఆరు నెలల గడువు మిగిలియుండవలెను. పెట్టెలో పెట్టి మరచిన పాస్‌పోర్టును ఇప్పుడే తీసి ఆ తేదీని చూడుడు.

మన స్త్రీలకు ఎదురగు చిక్కు పేరుతోనే. పుట్టింటి యింటిపేరు ఒక కాగితమున, అత్తింటి యింటిపేరు వేరొక కాగితమున నుండును. ఒకచోట పొడి అక్షరము, ఇంకొకచోట పూర్తిపేరు. విదేశయానమునకు ప్రమాణము పాస్‌పోర్టొక్కటే. అందులో పేరు ఎట్లున్నదో విమానపు టిక్కెట్టులోను, వీసాలోను అక్షరము తప్పక అట్లే యుండవలెను. భర్త టిక్కెట్టు కొనుచు తొందరలో తన యింటిపేరునే భార్యకును తగిలించుట తరచు జరుగు పొరపాటు. కావున టిక్కెట్టు కొనునప్పుడు గృహిణి ప్రక్కన కూర్చుండి తన పేరు తానే చదివి చూచుకొనవలెను. పుట్టింటి పేరుతో నున్న పాస్‌పోర్టు గడువు చెల్లియుండనిచో, ఈ ఒక్క యాత్ర కొరకు దానిని మార్పించు తొందర వలదు.

శ్రీలంకకు పోవుటకు ముందే కంప్యూటరు ద్వారా ప్రయాణానుమతి పొందవలెను. దీనిని ఇ.టి.ఎ. అందురు. దీని రుసుములును నియమములును పలుమార్లు మారినవి. కావున ఇతరులు చెప్పిన మొత్తమును నమ్మక, దరఖాస్తు చేయు దినమున ఆ దేశ ప్రభుత్వపు చోటనే చూడుడు. ప్రభుత్వపుదానివలె కనిపించి రెట్టింపు సొమ్ము గుంజు నకిలీ చోట్లు అనేకములు. చిరునామా చివర 'డాట్ జి.ఓ.వి. డాట్ ఎల్.కె.' అని యున్నదే ప్రభుత్వపుది.

పాస్‌పోర్టు, అనుమతి, టిక్కెట్టు, బసల రసీదులు, బీమా పత్రము, ఈ యైదింటికిని మూడేసి ప్రతులు తీయించుడు. ఒకటి భార్య సంచిలో, ఒకటి భర్త సంచిలో, ఒకటి యింటికడ కుమారుని చేతిలో.

ఏ కాలమున పోవలెను

శ్రీలంక చిన్న దేశమే యైనను వానలు రెండు వైపుల నుండి వేరువేరు నెలలలో కురియును. మే మొదలు సెప్టెంబరు వరకు నైరృతి వానలు కొలంబో, గాల్లె వైపునను, కొండసీమ పడమటి వాలునను కురియును. అక్టోబరు తరువాత జనవరి దాక ఈశాన్యపు వానలు తిరుకోణమల వైపు తూర్పుతీరమును తడుపును. మన దంపతులు చూడగోరు కాండీ, నువర ఎళియ మొదలగు చోట్లకు జనవరి చివర నుండి మార్చి వరకు మంచి కాలము. పిల్లల సెలవులతో పనిలేని వారు మే నెలలో పోనక్కరలేదు.

ప్రతి పౌర్ణమియు అచ్చట సెలవుదినము, పోయ దినమందురు. ఆనాడు దేవాలయములు తెల్లని వస్త్రములు ధరించిన జనముతో నిండియుండును. మనకు కన్నుల పండువే గాని కార్యాలయములు మూసియుండును, రైళ్లలో ఒత్తిడి హెచ్చు. పంచాంగము చూచి బయలుదేరుడు.

ఇంకొక విషయము మరువరాదు. 2025 నవంబరు చివర దిత్వా యను తుపాను ఆ దేశమును ముంచివేసినది. వందలకొలది ప్రాణములు పోయినవి; కొండచరియలు విరిగిపడి కొండసీమ రైలుమార్గము చాలచోట్ల చెడినది. కాండీ నుండి కొండలలోనికి పోవు రైలు ప్రయాణము అందమైనదని అందరు చెప్పుదురు. అది నిజమే. కాని ఏ భాగమున బండ్లు నడచుచున్నవో బయలుదేరుటకు వారము ముందు విచారించి, నడువనిచో రోడ్డుమార్గమున పోవుటకు సిద్ధముగ నుండుడు.

డబ్బు

అక్కడ చెల్లునది శ్రీలంక రూపాయి. మన రూపాయికి వారివి మూడుకు మించి వచ్చుచున్నవి. ఈ లెక్క దినదినము మారును. పేరొకటే యగుటచే అంగడిలో ధర వినినంతనే గుండె గుభేలుమనును. మూడుకు పైగ భాగించి చూచుకొన్న గాని అసలు ధర తెలియదు. ఈ భాగహారము ఇరువురికిని నోటికి రావలెను.

సొమ్మును మూడు భాగములుగ నుంచుడు. విమానము, బసలకు ముందే చెల్లించునది ఒకటి. దినవెచ్చము రెండవది. మూడవది ఆపద్ధనము, దానిని జబ్బునకో, విమానము తప్పినప్పుడో తప్ప ముట్టరాదు. ఆపద్ధనము రెండు వేరు కార్డులలో, రెండు వేరు ఖాతాలలో నుండవలెను. అందొకటి గృహిణి పేరిటి ఖాతా. ఆమె కార్డునకు విదేశములలో పనిచేయు అనుమతిని బ్యాంకులో అడిగి పెట్టించుడు. అది లేనిచో అచ్చట కార్డు పనిచేయదు. బ్యాంకు వారు పంపు ఓ.టి.పి. సంఖ్య ఆమె ఫోనునకే వచ్చుచున్నదా, భర్త ఫోనునకు పోవుచున్నదా యని ఇంటనే పరీక్షింపుడు. ఆమె ఖాతాకు భర్త ఫోను సంఖ్యయే తగిలించియున్నచో ఆ ఖాతా ఆమెదై యుండియు ఆమెది కాదు. విదేశములోనున్నను మన దేశపు సంఖ్యకు సందేశములు వచ్చునట్లు చూచుకొనుడు. మాటలకు మాత్రము అక్కడి విమానాశ్రయములోనే ఆ దేశపు సిమ్ము కొనవచ్చును.

మన యు.పి.ఐ. చెల్లింపు 2024 ఫిబ్రవరి నుండి శ్రీలంకలో ప్రవేశపెట్టబడినది. అయినను పల్లెలలో, ఆటోలలో దానిని నమ్ముకొని పోరాదు. రొక్కము చేత నుండవలెను. నగలను ఇంటనే బ్యాంకు పెట్టెలో నుంచి పొండు. మంగళసూత్రము, చెవికమ్మలు చాలును. ఎక్కువ బంగారము తీసికొనిపోవలసి వచ్చిన, తిరిగి వచ్చునప్పుడు తగవు లేకుండుటకు పోవునప్పుడే మన విమానాశ్రయపు సుంకాధికారుల యొద్ద ధ్రువపత్రము పొందవలెను.

దారియు, చోట్లును

కుత్బుల్లాపూరు నగరమునకు ఉత్తరపు కొస, శంషాబాదు దక్షిణపు కొస. సుచిత్ర కూడలి నుండి నగరము నడుమగ పోయినను, మేడ్చల్ వైపు పోయి ఔటర్ రింగ్ రోడ్డు పట్టినను రెండు గంటలు చేతబెట్టుకొనవలెను. అంతర్జాతీయ విమానమునకు మూడు గంటలు ముందుండవలెను గాన ఇల్లు వదలుటకు అయిదు గంటల ముందుచూపు కావలెను. అటుపిమ్మట ఆకాశములో ప్రయాణము రెండు గంటలకు అటునిటు. లంకకు పోవుటకంటె శంషాబాదునకు పోవుటయే పెద్ద ప్రయాణమన్నను తప్పులేదు. పూర్వము ధనుష్కోటి దాక రైలున పోయి ఓడ నెక్కెడివారు. 1964 డిసెంబరు తుపానులో ఆ రేవు నాశనమైనది. 2023 అక్టోబరులో నాగపట్టణము నుండి కాంకేశన్‌తురైకి ఓడ మరల మొదలైనది గాని వాతావరణమును బట్టి ఆగుచుండును. మొదటిసారి పోవు వారికి విమానమే మేలు. అక్కడి గడియారము మన గడియారమే. వాహనములు మనవలెనే ఎడమప్రక్కన నడచును.

ఎనిమిది దినములలో ఆంజనేయునివలె లంకనంతయు ఒక్క దూకున చుట్టబోకుడు. మొదటి రాత్రియు చివరి రాత్రియు విమానాశ్రయమునకు దగ్గరనున్న నెగొంబోలో గడుపుడు. నడుమనున్న అయిదు రాత్రులకు రెండు చోట్లు చాలును. కాండీ తప్పనిది. రెండవది అనురాధపురమా, నువర ఎళియయా యని దంపతులిరువురును కూర్చుండి నిర్ణయింపవలెను. రెండును కావలెనన్న పది దినములు పెట్టుకొనుడు.

అనురాధపురమున శ్రీమహాబోధి కలదు. బుద్ధగయ నుండి అశోకుని కూతురు సంఘమిత్ర తెచ్చిన కొమ్మ పెరిగి ఈ వృక్షమైనదని బౌద్ధుల నమ్మకము. అక్కడి నుండి కాండీకి వచ్చుచు దారిలో సిగిరియ కొండ చూడవచ్చును. అయిదవ శతాబ్దమున కాశ్యపుడను రాజు ఆ శిలపై కోట కట్టినాడు. మెట్లు 1200 వరకు కలవు. రక్తపుపోటు గల భర్తగారు వైద్యుని అడుగక ఎక్కరాదు. ఒకరెక్కి ఒకరు క్రిందనే తోటలలో నుండుటలో చిన్నతనము లేదు. కలిసికొను వేళయు చోటును ముందు చెప్పుకొన్న చాలును. తెల్లవారగనే ఎక్కుడు. కందిరీగల సూచనలున్నచోట గట్టిగ మాటలాడకుడు. గోడమీది స్త్రీమూర్తుల చిత్రములను ఫొటో తీయరాదు. ప్రాచీన స్థలములలో విదేశీయులకు ప్రవేశరుసుము హెచ్చు. కొన్నిచోట్ల మనవంటి దక్షిణాసియా దేశస్థులకు తగ్గింపు కలదు. పాస్‌పోర్టు చూపి అడుగుడు. అడుగని వారికి దొరకదు.

కాండీలో దంతధాతు మందిరము, దాని యెదుట చెరువు చూడదగినవి. ఆ చెరువును 1807లో త్రవ్వించిన శ్రీవిక్రమ రాజసింహుడు మధుర నాయకుల బంధుకోటిలోని వాడు. అనగా తెలుగు మూలము గల వంశము. 1739లో సింహాసనమెక్కిన ఆ వంశములో నలుగురు రాజులైరి. 1815లో ఇంగ్లీషువారు కడపటి రాజును పట్టి వేలూరునకు పంపిరి; 1832లో అక్కడనే కాలధర్మము నొందినాడు. ఆ దేశములో అహికుంటకులను సంచారజాతి వారు నేటికిని ఇంట తెలుగు మాటలాడుదురు. అనురాధపురపు జిల్లాలోని కుడాగమలో వారు నివసించుచున్నారు. పాములాడించుట వారి కులవృత్తి. వారు ఎదురుపడిన తెలుగున పలుకరింపుడు. వింతవస్తువులను చూచినట్లు ఫొటోలు తీయకుడు.

నువర ఎళియ సముద్రమట్టమునకు 1,800 మీటర్లకు పైన నున్నది. ఉన్ని దుస్తులు కావలెను. అక్కడికి దగ్గరలో సీతా ఎళియలో సీతమ్మ గుడి కలదు. రామాయణము చదివిన మన స్త్రీలకు అచ్చట ఏటి యొడ్డున కొంతసేపు కూర్చుండవలెననిపించుట సహజము. ఆ కూర్చుండుటకు వేళ మిగుల్చుకొనుటకే చోట్లు తగ్గింపుమంటిని.

తిండి, మాట, మర్యాద

ఇడియాప్పము, అప్పము, కొబ్బరిపాల కూరలు, పప్పు అక్కడి ఆహారము. మన నోటికి పరాయివి కావు. అయితే శాకాహారులు ఒకటి తెలిసికొనవలెను. కొబ్బరి పచ్చడిలోను కూరగాయల కూరలలోను రుచికొరకు ఎండుచేప పొడి వేయు వాడుక కలదు. దానిని ఉంబలకడ అందురు. "మస్ ఎపా, మాళు ఎపా, ఉంబలకడ ఎపా" యన్న, మాంసము వలదు, చేప వలదు, ఆ పొడియు వలదని అర్థము. ఈ మాటను కంఠపాఠము చేయుడు. నమస్కారమునకు "ఆయుబోవన్", కృతజ్ఞతకు "ఇస్తుతి", ధర యెంతయనుటకు "కీయద", నీటికి "వతుర". సింహళమును తమిళమును అక్కడి రాజభాషలు. పట్టణములలో ఇంగ్లీషు తెలిసినవారు చాలమంది. వారి ఇంగ్లీషును మనదివంటి సాదా ఇంగ్లీషే. ధరను కాగితముపై వ్రాయించుకొన్న భాషతో పనిలేదు. ఆటో యెక్కుటకు ముందే బాడుగ మాటలాడుకొనుడు.

కుటుంబములు నడుపు చిన్న బసలు పెద్ద హోటళ్లకంటె మనవంటి వారికి అనుకూలము. ఆ యింటి గృహిణితో మాట కలిసిన, వంటకు చింతలేదు, దారికి చింతలేదు. క్రింది అంతస్తు గది, వేడినీళ్లు, కుర్చీవంటి మరుగుదొడ్డి యున్నవా యని ముందే అడుగుడు.

దేవాలయములలో భుజములు, మోకాళ్లు కప్పియుండవలెను. మన చీరకు మించినది లేదు. చెప్పులు, టోపి తీయవలెను. బుద్ధవిగ్రహమునకు వీపు చూపి నిలిచి ఫొటో తీయించుకొనుట అక్కడ మహాపరాధము.

ఆరోగ్యము

రక్తపుపోటు మాత్రలు ఎనిమిది దినములకు బదులు పదునారు దినములకు తీసికొనుడు. సగము భర్త చేతిసంచిలో, సగము భార్య చేతిసంచిలో. పెద్దపెట్టెలో వేయరాదు, అది దారి తప్పవచ్చును. వైద్యుని చీటీలో మందు యొక్క అసలుపేరు వ్రాయించుడు, కంపెనీ పేరు అక్కడ దొరకకపోవచ్చును. ప్రయాణబీమా తప్పక చేయించుడు. చేయించునప్పుడు ఉన్న రోగమును దాచరాదు. దాచిన, అక్కరకు వచ్చునాడు బీమా చెల్లకపోవును. 2016 సెప్టెంబరులో ఆ దేశము మలేరియా లేని దేశముగ ప్రపంచ ఆరోగ్యసంస్థచే గుర్తింపబడినది. అయినను డెంగ్యూ దోమలు కలవు గాన సాయంకాలము మాత్రమే కాక పగలును జాగ్రత్త వలయును. కోతులకు తినుబండారము చూపకుడు.

ఇక కుమారుని ముఖ్యభయము, "జబ్బు చేసిన దిక్కెవరు?" అని గదా. శ్రీలంకలో ఆంబులెన్సు కొరకు 1990 సంఖ్యకు ఫోను చేయవలెను. సువసెరియ యను ఆ సేవ ఉచితము. 2016 జూలైలో భారతప్రభుత్వపు ధనసహాయముతో అది మొదలైనది. దానిని నెలకొల్పి నడిపించినది మన 108 సేవను నడిపిన జి.వి.కె. ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ, దాని కేంద్రము మేడ్చల్ రోడ్డున దేవరయాంజాలులో, కుత్బుల్లాపూరునకు పొరుగుననే యున్నది. అక్కడి ఉద్యోగులు పలువురు హైదరాబాదు వచ్చి శిక్షణ పొందిరి. తన వీధిచివరి రోడ్డుమీద నేర్చిన విద్యయే సముద్రమునకు ఆవల తన తల్లిదండ్రులను కాచునని ఆ కుమారునికి చెప్పుడు. పోలీసులకు 119. ఈ రెండు సంఖ్యలును కాగితముమీద వ్రాసి, బస పేరును సింహళలిపిలో వ్రాయించి, ఎవరి కాగితము వారి యొద్ద నుంచుకొనుడు. ఫోను పోయినను కాగితము మిగులును.

గుంపులో విడిపోయినచో ఇద్దరును వెదకుచు తిరుగరాదు. కడపటిసారి కలిసియున్న చోటికే వచ్చి అరగంట నిలువవలెను. అప్పటికిని రాకున్న బసకు పోవలెను. ఈ ఒప్పందము విమానమెక్కుటకు ముందే చేసికొనుడు.

దినము విడిచి దినము

దంపతులు ప్రయాణములో పోట్లాడుకొనుటకు చాలవరకు కారణము ఆకలి, అలసట, తరువాత "నీవు చెప్పినందుననే యిట్లైనది" అను మాట. దీనికొక ఉపాయము చెప్పెదను. ఒకదినము భార్య పెత్తనము, మరునాడు భర్త పెత్తనము. పెత్తనము గలవారు దారి అడుగవలెను, బాడుగ కుదుర్పవలెను, డబ్బు చెల్లింపవలెను, రాత్రి లెక్క వ్రాయవలెను. రెండవవారు సలహా అడిగినప్పుడే చెప్పవలెను. తప్పు జరిగిన దెప్పరాదు. బేసిదినములు ఒకరివి, సరిదినములు ఒకరివి. ముప్పదియేండ్లు యింటి లెక్క చూచిన స్త్రీకి ఆటోవానితో బేరము కష్టము కాదు. భర్తగారికి మౌనముగ వెంట నడచుటయే కొంచెము కష్టము. నాగార్జునకొండలో అది కొంత అలవాటగును.

ఈ యాత్రకై నేర్చుకొన్నవి యాత్రతో ముగియవు. తన పేరు ఏ కాగితమున ఎట్లున్నదో, తన ఖాతాకు ఏ ఫోను సంఖ్య తగిలించియున్నదో, భర్త మందుల పేర్లేమో, బీమాపత్రము ఎక్కడ నున్నదో తెలియని యిల్లాండ్రు మనలో నెందరు లేరు! ఆపద వచ్చిన దినమున ఆ కాగితముల కొరకు బీరువాలు వెదకి, కన్నీళ్లతో బ్యాంకుల చుట్టు తిరిగిన వారిని మనమందరము ఎరుగుదుము. ఆ విద్యను దుఃఖములో నేర్చుకొనుటకంటె విహారము పేరిట, భర్త ప్రక్కన కూర్చుండి, నవ్వుచు నేర్చుకొనుట మేలు కాదా? ఎనిమిది దినముల సెలవునకు ఇంతకు మించిన ఫలము నాకు తోచదు.

బయలుదేరు ముందు ఇంటి సంగతి: గ్యాసు కట్టివేయుడు, పాలు పత్రికలు ఆపివేయుడు, నీళ్లతొట్టి మూత వేయుడు, తులసికి నీరు పోయుటకు పొరుగింటి వదినగారికి తాళపుచెవి యిండు, ఇల్లు తాళము వేసి పోవుచున్నట్లు పోలీసు ఠాణాలో తెలుపుడు. ఊరు దాటకమునుపే మేము శ్రీలంకలో నున్నామని ఫోనులో లోకమునకంతటికి చాటకుడు. తిరిగి వచ్చి చూపిన ఫొటోలును ఫొటోలే.

పాఠక సోదరీమణులలో ఈ విధముగ భర్తతో ఇరువురే విదేశము పోయి వచ్చినవారున్నచో, తమకు అక్కరకు వచ్చిన చిన్న ఉపాయములను మాకు వ్రాయ గోరెదము. పెద్దచోట్ల వర్ణనలు వలదు. ఏది మరచి బాధపడిరో, ఏది తీసికొనిపోయి సుఖపడిరో అది వ్రాసిన చాలును. వచ్చు మాసములలో వానిని ప్రకటింతుము.